పాత .32 రివాల్వరూ, జిప్‌లాక్ సంచీలో తూటాలూ

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయినేడు గ్రీన్‌కార్డు వచ్చింది. ఈ మధ్య ఇక్కడో తుపాకుల షాపులో పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ చూసి ముచ్చటపడి కొన్నాను. గొట్టం మీద ‘.32 లాంగ్’ అని తూటా రకం ఉంది. పిడి అడుగున నాలుగు లక్షల పైచిలుకు నంబరు. చేతిలో బొమ్మలా ఇమిడిపోతుంది. తీరా తూటాల ధర చూస్తే గుండె గుభేలుమంది, పైగా ఎక్కడా స్టాకు లేదు. ఆఫీసులో ఒక పెద్దాయన “నీ తూటాలు నువ్వే చేసుకో” అని, తను చేసినవి ఓ జిప్‌లాక్ సంచీ నిండా ఇచ్చాడు. అవి కాల్చొచ్చా? నేను ఇంట్లో రీలోడింగ్, అంటే కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగుల్ని మళ్ళీ నింపుకోవడం, మొదలుపెట్టొచ్చా? “ఇంట్లోకి తుపాకీ మందు తెస్తే నేను పుట్టింటికి పోతా” అంటోంది మా ఆవిడ. ఇంకో సంగతి. డిసెంబర్లో గుంటూరు వెళ్తున్నాం. మా మామగారి దగ్గర లైసెన్సుతో, కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో చేసిన .32 రివాల్వర్ ఉంది. అక్కడ తూటాలు మరీ ఖరీదట. ఆయన కోసం ఓ పెట్టె తీసుకెళ్ళొచ్చా? పోనీ ఖాళీ తొడుగులైనా?

సమాధానం: ముందు ఆ జిప్‌లాక్ సంచీ సంగతి తేల్చేద్దాం. కాల్చకండి. ఒక్కటి కూడా.

ఇచ్చినాయన ఎంత మంచివాడైనా, నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా సరే. అందులో ఏ మందు పోశాడో, ఎంత పోశాడో పైకి కనపడదు. ఆయన తుపాకీ మీదానికంటే గట్టిదై ఉండొచ్చు, దానికి తగ్గట్టు దట్టించుకుని ఉండొచ్చు. కొత్త రివాల్వర్లో హాయిగా పేలిన తూటానే తూటాలు కూర్చునే నూరేళ్ళ సిలిండర్‌ని చీల్చేయగలదు. ఇంకొకరు చేసిన తూటా ముట్టుకోకపోవడం ఈ సరదా ఉన్నవాళ్ళందరూ పట్టే మడి. ఇందులో ఆయన్ని అవమానించడం ఏమీ లేదు. ఆయనే అసలు రీలోడర్ అయితే మీరు ఇచ్చినవి ఆయనా కాల్చడు, అడిగి చూడండి. తిరిగివ్వడానికి మొహమాటమైతే గుండ్లు లాగేసి తొడుగులు మాత్రం ఉంచుకోండి. సుత్తి ఆకారంలో ప్లాస్టిక్ పనిముట్టు ఒకటి అమ్ముతారు. తూటాని అందులో బిగించి గట్టి చెక్కమీద నాలుగు దెబ్బలు వేస్తే గుండు ఊడొస్తుంది. అలా రాలిన మందుని మాత్రం దాచకండి, లాన్‌లో పల్చగా చల్లేయండి. పేరు తెలియని మందు కూడా ఇంకొకరి తూటా లాంటిదే.

మీరు గ్రీన్‌కార్డు మాట మొదటి వాక్యంలోనే చెప్పారు, మంచి పని చేశారు. ఇది మీకంటే చదివే మిగతావాళ్ళ కోసం. హెచ్1బీ, ఎఫ్1, బీ2 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. కాల్చడం సాధన చేసే రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్ళి, చేతిలో పిస్టల్ పెట్టి, ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. చూసిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి తుపాకీ కొనుక్కునే హక్కుంది. కానీ తుపాకీ నేరం మీద శిక్ష పడితే ఆ కార్డుకే ఎసరొస్తుంది. కాబట్టి మీ రాష్ట్రంలోనూ మీ ఊళ్ళోనూ నిబంధనలు ఏమిటో మీరే చదువుకోండి.

ఇక మీ బొమ్మ దగ్గరికొద్దాం. నాకు అసూయగా ఉంది సుమండీ.

మీరు చెప్పిన నంబరుని బట్టి అది .32 హ్యాండ్ ఎజెక్టర్ మూడో మోడల్ అయుండాలి. 1911 నుంచి 1942 దాకా చేశారు. నంబర్లు సుమారు మూడు లక్షల ముప్పైవేల నుంచి అయిదు లక్షల ముప్పైవేల దాకా నడిచాయి. మీది ఆ మధ్యలో ఎక్కడో. అదే నంబరు సిలిండర్ వెనకవైపునా, గొట్టం అడుగునా కూడా కొట్టి ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. మూడుచోట్లా ఒకటే అయితే పుట్టినప్పటి భాగాలన్నీ కలిసే ఉన్నట్టు. స్మిత్ అండ్ వెసన్ చరిత్ర చూసే ఫౌండేషన్‌కి రుసుము కట్టి రాస్తే, ఆ తుపాకీ ఫ్యాక్టరీ గడప ఏ రోజు దాటిందో, ఎక్కడికి వెళ్ళిందో పాత చిట్టాలు చూసి ఉత్తరం పంపిస్తారు. అంత ఖర్చు అవసరమా అంటారా, నేను పంపించుకున్నాను. మిడ్‌వెస్ట్‌లో ఓ హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళిందని వచ్చింది. ఆ కాగితం చూసుకుంటూ ఒక ఆదివారమంతా గడిపేశాను.

ఆ .32 లాంగ్ తూటా వయసు మీ తుపాకీ కంటే ఎక్కువ. స్మిత్ వాళ్ళు దాన్ని 1896లో, తమ మొదటి హ్యాండ్ ఎజెక్టర్‌తో పాటే తెచ్చారు. దాని చిన్నన్న .32 స్మిత్ అండ్ వెసన్ 1878 నాటిది, పొగ కక్కే నల్లటి తుపాకీ మందు కాలపుది. ఇంచుమించు 1896లోనే న్యూయార్క్ పోలీసు కమిషన్ అధ్యక్షుడిగా ఉన్న థియోడోర్ రూజ్‌వెల్ట్, అప్పటిదాకా ఎవరికి తోచిన తుపాకీ వాళ్ళు మోస్తున్న కానిస్టేబుళ్ళందరికీ ఒకటే రివాల్వర్ ఖాయం చేశాడు. అది కోల్ట్ వాళ్ళ .32. పోటీ కంపెనీ పేరు తమ తుపాకీ మీద చెక్కడం కోల్ట్ వాళ్ళకి చిన్నతనమనిపించి, అదే తూటాని కాస్త మొన చదును చేసి ‘కోల్ట్ న్యూ పోలీస్’ అని పేరు పెట్టుకున్నారు. మీకు పాత పెట్టె మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి, తూటా మీదే. అయిదేళ్ళకి, 1901 సెప్టెంబర్లో, బఫెలోలో అధ్యక్షుడు మెకిన్లీని చంపింది కూడా ఓ చవక .32 రివాల్వరే, ఐవర్ జాన్సన్ వాళ్ళది. చిన్నది కదా, బొమ్మలా ఉంది కదా అనిపించినప్పుడల్లా ఆ సంగతి గుర్తుంచుకోండి.

.32 అంటే సుమారుగా గుండు లావు, అంగుళాల్లో. కానీ అన్ని .32లూ ఒకటి కావు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. .32 స్మిత్ అండ్ వెసన్ పొట్టి తూటా మీ దాంట్లో నిక్షేపంగా పడుతుంది, పేలుతుంది. .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నం 1980లలో వచ్చింది, .327 ఫెడరల్ మాగ్నం ఇంకా తర్వాత. రెండూ పొడుగు ఎక్కువ, మామూలుగా మీ సిలిండర్లో పట్టవు, పట్టేట్టు కనిపించినా పెట్టకూడదు. మీ తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. .327దేమో 45,000. మూడింతలు! .32 ఏసీపీ అని పిస్టళ్ళ తూటా ఇంకోటుంది. దాని అడుగున అంచు రవ్వంత బయటికి ఉండటంతో .32 లాంగ్ రంధ్రంలో జారి కూర్చుంటుంది కూడా. దాని ఒత్తిడి 20,500. “నేనెన్నోసార్లు కాల్చాను, ఏం కాలేదు” అనే మహానుభావుడు ప్రతి రేంజ్‌లోనూ ఒకడుంటాడు. దణ్ణం పెట్టి ఇవతలికి రండి.

కాల్చే ముందు తుపాకీని ఓ గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, చూపించండి. మీరూ కొంత చూడొచ్చు. ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి, అప్పుడు మొదలుపెట్టండి. ఎడమచేతి వేలు సిలిండర్‌కి తేలిగ్గా ఆనించి, కుడి బొటనవేలితో హ్యామర్‌ని, అంటే వెనకనుంచి తూటాని కొట్టే సుత్తిని, బాగా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడేలోపే సిలిండర్ ‘టిక్’ మని గాట్లో పడి ఆగాలి. ఆరు గదులకీ ఆరుసార్లు. ఒక్కదాంట్లోనైనా వెనకబడితే, గుండు గొట్టం నోట్లోకి తిన్నగా పోకుండా అంచుని రాసుకుంటూ పోతుంది, ఆ సీసం చెక్కలు పక్కనున్నవాడి మొహాన పడతాయి. తర్వాత హ్యామర్ ఎత్తి ఉండగానే వెనకనుంచి బొటనవేలితో గట్టిగా నెట్టండి. జారి పడిందా, అది బాగుచేయించేదాకా అలమరలోనే ఉండాలి. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉంటే బాగున్నట్టే. చివరగా టార్చి వేసి గొట్టం లోపల చూడండి. ఎక్కడైనా నల్లటి గాజులాంటి వలయం కనిపిస్తే, ఎప్పుడో ఎవరో గొట్టంలో గుండు ఇరుక్కుని ఉండగా రెండోది కాల్చారన్నమాట. ఈ ఇరుక్కోవడం గురించి నా సొంత కథ ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

మీది 1940ల నాటికి ముందుది కాబట్టి రేంజ్‌లో తప్ప ఇంకెక్కడా నింపి పెట్టకండి. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో ఓ నావికుడి చేతిలో రివాల్వర్ డెక్కు మీద పడి పేలి అతను చనిపోయాక, కిందపడినా పేలకుండా స్మిత్ వాళ్ళు హ్యామర్ అడ్డుపట్టీని మార్చారు. మీదాంట్లో ఆ కొత్త పట్టీ ఉండదు.

ఇప్పుడు రీలోడింగ్. మొదలుపెట్టొచ్చా అంటే, నిక్షేపంగా. మీ అవసరానికి మీరు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. చేసి అమ్మితే కావాలి, స్నేహితులకైనా సరే. పైగా రీలోడింగ్ నేర్చుకోవడానికి .32 లాంగ్ కంటే మంచి పలక లేదు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఇత్తడి తొడుగు తొందరగా పాడవదు. ఒక్కొక్కటి లెక్కలేనన్నిసార్లు తిరిగి నిండుతుంది. నా దగ్గర కొన్ని తొడుగుల మీద అక్షరాలు అరిగిపోయాయి గానీ పగుళ్ళు రాలేదు.

తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మందు, పైన సీసపు గుండు. కాల్చాక మిగిలేది తొడుగు ఒక్కటే. మిగతా మూడూ మళ్ళీ పెట్టుకోవడమే పని. ఒక దెబ్బకి ఒక పనే చేసే సాదా ప్రెస్సు కొనండి. గబగబా గంటకి వందలు దింపే యంత్రాల జోలికి మొదట్లో పోవద్దు. .32 లాంగ్‌కి కార్బైడ్ డైల సెట్టు, అంటే తొడుగుని సరిచేసి గుండు దించే అచ్చులు, దొరుకుతుంది, అదే .32 మాగ్నంకీ పనికొస్తుంది. గ్రెయిన్లో (మందు తూచే చిన్న కొలత) పదోవంతు తూచే త్రాసు, కొలతకి వెర్నియర్ కాలిపరు, యాభై గుంటల చెక్క, మందు కంపెనీవాళ్ళో గుండ్ల కంపెనీవాళ్ళో అచ్చేసిన రీలోడింగ్ పుస్తకం, అదీ కొత్త ముద్రణ. ఈ చివరిది లేకపోతే మిగతావి కొనకండి.

ఎన్ని గ్రెయిన్లు పోయాలో నేనిక్కడ రాయను. అడిగినా చెప్పను. మందు పేరు, గుండు బరువు, ఎంత లోతుకి దించారు, ఇవన్నీ కలిస్తేనే ఆ అంకెకి అర్థం. పుస్తకంలో ఉన్న కనిష్ఠ కొలతతో మొదలుపెట్టండి, మీ తుపాకీకి నా లెక్కలో అక్కడే ఆగిపోండి కూడా. ఊహకి అందాలంటే మాత్రం ఒకటి చెప్తాను. పౌండుకి 7,000 గ్రెయిన్లు. మన కంసాలి త్రాసులో వేసే గురిగింజ రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ తూగుతుంది. ఈ చిన్న తూటాల్లో పడే మందు ఆ స్థాయిలోది. గురిగింజ ఎత్తు అటూ ఇటూ అయితే కంసాలి నగలో పోయేది డబ్బు, ఇక్కడ పోయేది వేళ్ళు.

అసలు గండం కూడా ఆ కొంచెంలోనే ఉంది. మందు అంత తక్కువ కావడంతో తొడుగు నిండదు, అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండోసారి పోసినా పొంగి పొర్లదు, మీకు తెలియదు. అందుకే యాభై తొడుగులూ చెక్కలో నిలబెట్టి మందు పోశాక, గుండు పెట్టేముందు టార్చి వేసి ఒక్కొక్క తొడుగులోకీ చూడాలి. పొలంలో నాట్లు చూసినట్టు వరస వరసగా. అన్నిట్లోనూ మందు మట్టం ఒకటేలా కనపడాలి. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి చీకటిగా ఉన్నా ఆ వరసంతా తిరగబోసి మళ్ళీ తూచుకోవాలి.

నా కథ ఇదీ. ఓ రాత్రి గ్యారేజీలో మందు పోస్తూండగా విజయవాడ నుంచి అమ్మ ఫోను చేసింది. అక్కడ పొద్దున్నే కాబట్టి తీరిగ్గా కబుర్లు. మాట్లాడుతూనే గుండ్లు దించేశాను. టార్చి వెయ్యలేదు. తర్వాతి శనివారం రేంజ్‌లో పదమూడో దెబ్బో పధ్నాలుగో దెబ్బో, ‘టప్’ మనాల్సింది ‘తుస్’ మంది, దీపావళి నాడు తడిసిన చిచ్చుబుడ్డిలా. చేతికి తన్ను రాలేదు. ట్రిగ్గర్ మీద వేలు తన పాటికి తను ఇంకో నొక్కు నొక్కబోయింది. కాగితం మీద కొత్త రంధ్రం లేకపోవడం చూసి ఆగాను. మందు లేని తూటా అది. ప్రైమర్ ఒక్కటే పేలి గుండుని అంగుళం దూరం నెట్టి గొట్టంలో వదిలేసింది. ఆ వెనకే రెండోది వెళ్ళి ఉంటే, ఇందాక చెప్పిన నల్లగాజు నా తుపాకీకీ పడేది, లేదా గొట్టమే విచ్చుకునేది. గన్‌స్మిత్ ఇత్తడి కడ్డీతో తట్టి తీసి, ఆ గుండు నా చేతిలో పెట్టి, ఏమీ అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది. ఇప్పుడు మందు డబ్బా మూత తీస్తే ఫోను ఇంట్లోనే ఉంటుంది. అమ్మకి కూడా చెప్పాను, “శనివారం రాత్రి చెయ్యకే” అని. ఎందుకో చెప్పలేదు.

శబ్దం తేడాగా వస్తే ఆపండి. గొట్టం గురి కాగితం వైపే ఉంచి అర నిమిషం ఆగి, సిలిండర్ తెరిచి ఖాళీ చేసి, గొట్టంలో వెలుగు ఇటునుంచి అటు కనిపిస్తోందో లేదో చూడండి.

గుండు సంగతి. మీ తుపాకీకి మెత్తటి సీసపు గుండే మేలు. రాగి కవచం ఉన్నవి ఇంత తక్కువ వేగంలో గొట్టంలోనే నిలిచిపోయే ప్రమాదం ఉంది. పాత అసలు తూటాలో 98 గ్రెయిన్ల గుండు ఉండేది, ఇప్పటికీ ఆ దగ్గర బరువులే దొరుకుతాయి. నాకిష్టమైనది వాడ్‌కట్టర్, మొన లేకుండా డోలులా చదునుగా ఉండేది. కాగితంలో బొద్దింక కొరికినట్టు కాకుండా, ఆఫీసు పంచింగ్ మిషనుతో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీల్లో ఈ .32 వాడ్‌కట్టర్ ఇప్పటికీ నడుస్తోందంటే దాని గురి ఎలాంటిదో ఊహించుకోండి. అడుగు గుల్లగా ఉన్న వాడ్‌కట్టర్లకి మందు కనిష్ఠమే పొయ్యండి, ఎక్కువైతే గుండు తల ఎగిరిపోయి, పావడాలాంటి అడుగుభాగం గొట్టంలో మిగిలిపోతుంది.

గుండు దించేముందు తొడుగు మూతి గన్నేరు పువ్వు అంచులా రవ్వంత విచ్చుకోవాలి. విప్పకుండా దించితే సీసం కొబ్బరి తురుములా రాలుతుంది. మరీ విప్పితే మూతి చీలుతుంది. ప్రైమర్ పెట్టాక అడుగున చూపుడువేలు రాసి చూడండి. సమంగా గానీ వెంట్రుకవాసి లోపలికి గానీ ఉండాలి. పైకి పొడుచుకుంటే సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. మొదటిసారి ఆరంటే ఆరు చేసి కాల్చండి. యాభై చేసేసి, తప్పు తెలిసి, ఆ యాభైకీ సుత్తి దెబ్బలు వేస్తూ కూర్చోవడం ఎంత విసుగో నాకు తెలుసు.

తొడుగులు తోమడానికి వందల డాలర్ల యంత్రాలున్నాయి. మొదట్లో అక్కర్లేదు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమిన ఇంట్లో పుట్టినవాళ్ళం మనం, పులుపుకీ ఇత్తడికీ ఉన్న చుట్టరికం మనకి ఒకరు చెప్పాలా? ఇక్కడివాళ్ళు నిమ్మ ఉప్పు వాడతారు. వేడినీళ్ళలో ఓ చెంచాడు వేసి పది నిమిషాలు ఉంచి బాగా కడిగి ఆరబెట్టడమే. ఎక్కువసేపు వదిలేస్తే ఇత్తడిలో జింకు పోయి గులాబిరంగు తేలుతుంది, అలాంటివి పారెయ్యండి. బ్రాసో మాత్రం వద్దు, అందులో అమోనియా ఇత్తడిని లోపల్నుంచి పెళుసు చేస్తుంది. దీనికి వాడిన గిన్నె మళ్ళీ వంటింటి గుమ్మం తొక్కకూడదు. కాలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది.

దీంతో మీ ఆవిడ దగ్గరికి వచ్చాం. ఆవిడ అన్నదాంట్లో సగం నిజముంది. భయపడాల్సింది మందుకి కాదు, సీసానికి. పొగలేని మందు బయట అంటిస్తే భుగ్గున మండుతుంది గానీ బాంబులా పేలదు. అగ్నిమాపక ప్రమాణాలు ఇళ్ళలో, కొన్నప్పటి డబ్బాల్లోనే, 20 పౌండ్ల దాకా మామూలుగా ఉంచుకోనిస్తాయి. మీకు కావాల్సింది ఒక్క పౌండు డబ్బా, మీ వేగంతో అది ఏళ్ళ తరబడి వస్తుంది. పొయ్యికీ, వాటర్ హీటర్‌కీ దూరంగా, తాళం ఉన్న చెక్క బీరువాలో పెట్టండి. ఇనప పెట్టెలో బిగిస్తేనే అది బాంబవుతుంది. బల్లమీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే తెరిచి ఉండాలి. సీసం మాత్రం కనిపించకుండా ఒంట్లోకి చేరేది, పిల్లలకి మరీ ప్రమాదం. ఇంట్లో చిన్నపిల్లలుంటే పని గ్యారేజీలోనే, కాఫీ కప్పు లేకుండా, తర్వాత చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగి, రేంజ్‌కి వేసుకెళ్ళిన బట్టలు విడిగా ఉతికి. సీసం కరిగించి గుండ్లు పోతపోసుకోవాలనే కోరిక ఏడాది తర్వాత పుడుతుంది, అప్పుడు వేరే ఉత్తరం రాయండి. ఇవన్నీ ఆవిడకి చదివి వినిపించండి, తాళంచెవుల్లో ఒకటి ఆవిడ దగ్గరే ఉంచండి. ‘మందు’ అన్న మాట మాత్రం ఫోన్లో అత్తగారితో అనకండి, ఆవిడ ఇంకోటి అనుకుంటుంది.

ఇక గుంటూరు. తీసుకెళ్ళకూడదు. పెట్టె కాదు, ఒక్క తూటా కాదు, ఖాళీ తొడుగు కూడా కాదు.

మీ మామగారి కాన్పూర్ రివాల్వర్ కథ సరదాగా ఉంటుంది. మధ్యకి విరిచి తెరిచే ఆ ఒళ్ళు బ్రిటిష్ వెబ్లీ పోలిక, అందులో పడేది మీ 1896 నాటి అమెరికన్ .32 లాంగే. 2014లో ఆడవాళ్ళ కోసమని తెచ్చిన తేలికపాటి నిర్భీక్ కూడా .32. అయితే అక్కడ ‘.32’ అని అమ్మే పిస్టల్ కూడా ఉంది, దానిలో పడేది ఏసీపీ. కాబట్టి ఆయనదైనా పెట్టె మీద పూర్తి పేరు చదివే కొనమనండి. కానీ తుపాకులు చుట్టాలైనంత మాత్రాన తూటాలు సరిహద్దు దాటవు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తూటాలు దిగుమతి చేసుకోవాలన్నా, ఇంట్లో తయారుచేయాలన్నా విడివిడిగా లైసెన్సు కావాలి. ఆయన తుపాకీ లైసెన్సు ఆ రెంటికీ పనికిరాదు. తూటాలు కూడా ఆ లైసెన్సులో రాసిన లెక్క మేరకే కొనాలి. “మా అల్లుడు అమెరికాలో నేర్చుకొచ్చాడు” అని ఆయన పెరట్లో ప్రెస్సు బిగిస్తే కథ పోలీసు స్టేషన్‌లో తేలుతుంది. అమెరికా వైపు ఎగుమతి నిబంధనలు వేరే ఉన్నాయి.

ఇండియా విమానాశ్రయాల్లో సామానులో ఒక్క తూటా దొరికినందుకు కేసులు పడ్డవాళ్ళు కొల్లలు. వాళ్ళలో చాలామంది దొంగలూ స్మగ్లర్లూ కాదు, బ్యాగు అడుగున ఉందని తెలియనివాళ్ళు. తెలిసి పెట్టుకోలేదని తేలితే కోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలున్నాయి, కానీ అది తేలేలోపు సెలవు అయిపోతుంది, వెనక్కి వచ్చే టిక్కెట్టు పోతుంది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది. అందుకే మీకు ఇప్పుడే చెప్తున్నాను, రేంజ్‌కని ఓ బ్యాగు కొనండి, దానికి ఎర్ర రిబ్బను కట్టండి, అది ఎన్నడూ ప్రయాణపు బ్యాగుల పక్కన కూర్చోకూడదు. రేంజ్‌లో వేసుకున్న జాకెట్ జేబులు కూడా డిసెంబర్లో బయల్దేరే ముందు తిరగేసి దులపండి. ఖాళీ తొడుగులు మీద పడి జేబుల్లోకీ, ప్యాంటు మడతల్లోకీ దూరుతుంటాయి. రివాల్వర్‌తో అది తక్కువే గానీ, పక్క బూత్‌లో పిస్టల్ కాల్చేవాడి తొడుగులు మీ మీదే పడతాయి.

మామగారికి ఏదో ఒకటి తీసుకెళ్ళాలి కదా అంటే, కాస్ట్‌కోలో బాదంపప్పు దొరుకుతుంది. మూడు పౌండ్ల సంచీ.